మాస్టర్ హంటర్ సర్టిఫికెట్ ఉద్యోగం తెచ్చిపెడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్టూడెంట్ వీసాపై వన్యప్రాణి నిర్వహణలో ఎం.ఎస్. చదువుతున్నాడు. బాధ్యతగా, నియమం తప్పకుండా వేటాడేవారికి ఇచ్చే మాస్టర్ హంటర్ వంటి పైస్థాయి సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం సులభంగా వస్తుందని స్నేహితులు చెప్పారట. జంతువులను కాపాడే చదువు చదువుతూ వేట నేర్చుకోవడం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. ఇందులో భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి ఒక ప్రశ్న, మనసును తొలిచే సందేహం ఒకటి ఉన్నాయి. సందేహం తీరితేగానీ ఉద్యోగం సంగతి తేలదు కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

అమెరికాలో వన్యప్రాణుల సంరక్షణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాలపై 10 నుంచి 11 శాతం ఎక్సైజ్ సుంకం వసూలవుతుంది. ఆ మొత్తం ఆవాసాల పునరుద్ధరణకు, పరిశోధనకు, వేటగాళ్ల శిక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. వేట లైసెన్సుల రుసుము దానికి తోడవుతుంది. మీ అబ్బాయి రేపు ఏదైనా రాష్ట్ర వన్యప్రాణి శాఖలో చేరితే, ఈ సీజన్‌లో ఎన్ని దుప్పులను వేటాడనివ్వాలన్న లెక్క అతని బల్ల మీదికే రావచ్చు, ఆ లెక్కను ప్రశ్నించే వేటగాళ్లూ అతని ముందుకే రావచ్చు. వేట గురించి ఏమీ తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోవడం కష్టం. ఈ లోటు తీర్చడానికే, వేట నేపథ్యం లేని విద్యార్థుల కోసం ‘కన్సర్వేషన్ లీడర్స్ ఫర్ టుమారో’ అనే శిక్షణ కార్యక్రమం అక్కడ నడుస్తోంది. మీ అబ్బాయి వంటివారికి మాస్టర్ హంటర్ కంటే ముందు నేను సూచించేది అదే.

ఇక సర్టిఫికెట్ల విషయం. అన్నిటికీ పునాది ‘హంటర్ ఎడ్యుకేషన్’ కోర్సు. దీన్ని 1949లో మొదట తప్పనిసరి చేసిన రాష్ట్రం న్యూయార్క్. వాషింగ్టన్‌లో 1972 జనవరి 1 తర్వాత పుట్టినవారు ఈ కోర్సు పూర్తిచేయనిదే వేట లైసెన్స్ కొనలేరు. తుపాకీ గొట్టం ఎటు తిరిగి ఉండాలి, గురి వెనకాల ఏముందో ఎలా చూసుకోవాలి, జాతినీ లింగాన్నీ ఎలా గుర్తుపట్టాలి, భూయజమాని అనుమతి ఎలా అడగాలి వంటివి ఇందులో నేర్పుతారు. విల్లుతో వేటాడేవారికి కొన్ని రాష్ట్రాలు వేరే కోర్సు అడుగుతాయి.

మాస్టర్ హంటర్ పర్మిట్ దీనికి పై మెట్టు. పాత కేసుల తనిఖీ, రాతపరీక్ష, గురిపరీక్ష, కొన్ని గంటల స్వచ్ఛంద సేవ దాటితేగానీ అది చేతికి రాదు. ఎందుకింత కట్టుదిట్టమంటే, ఎల్క్ దుప్పుల మందలు పొలాల మీద పడి పంట పాడుచేస్తున్నప్పుడు శాఖ ముఖ్యంగా పిలిచేది ఈ పర్మిట్ ఉన్నవారిని. ఆ పొలం ప్రైవేటు ఆస్తి, చుట్టూ ఇళ్లూ పశువులూ ఉంటాయి. వెళ్లిన మనిషి ఒక్కసారి గేటు తెరిచి మూయడం మరిచినా, అనుమతి లేని పక్క పొలంలోకి అడుగుపెట్టినా, ఆ రైతు మరుసటి ఏడు ఎవరినీ రానివ్వడు. కాబట్టి ఈ పర్మిట్‌లో శాఖ ధ్రువీకరించేది గురి కంటే ఎక్కువగా నమ్మకాన్ని.

బాధ్యత, నియమం అన్న మాటలు ఇక్కడ అలంకారానికి వాడినవి కావని కూడా మీకు చెప్పాలి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ‘ఫెయిర్ చేజ్’ అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది. జంతువుకు తప్పించుకునే అవకాశమే లేకుండా చేసి చంపడం వేట కాదని దాని సారాంశం. చట్టం అనుమతించిన దూరం నుంచైనా తన చేతికి నమ్మకం లేకపోతే కాల్చకుండా ఉండటం, గాయపడిన జంతువును చీకటి పడినా, వాన పడినా నెత్తుటి జాడ పట్టుకుని వెతకడం, దొరికిన మాంసాన్ని వృథా చేయకపోవడం ఈ కోవలోకే వస్తాయి. తూటా ఎంపిక కూడా అంతే. సీసపు తూటా జంతువు శరీరంలో చిన్న ముక్కలుగా చెదిరిపోతుంది; వేటగాడు అక్కడే వదిలేసిన పేగులు తిన్న కాలిఫోర్నియా కాండర్ రాబందులు ఆ విషానికి చనిపోతాయి. అందుకే కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను నిషేధించింది. అరిజోనా మాత్రం నిషేధం జోలికి పోకుండా, కాండర్లు తిరిగే ప్రాంతంలోని వేటగాళ్లకు సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్న చర్చ వన్యప్రాణి నిర్వహణ విద్యార్థికి మంచి థీసిస్ అంశం. నన్నడిగితే మీ అబ్బాయికి పర్మిట్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఎందుకంటే ఉద్యోగ ప్రకటనల్లో మాస్టర్ హంటర్ పర్మిట్ అర్హతగా కనిపించడం అరుదు. వృత్తిపరంగా విలువ ఉన్న గుర్తింపు వన్యప్రాణి నిపుణుల సంఘమైన ‘ద వైల్డ్‌లైఫ్ సొసైటీ’ ఇచ్చేది: నిర్ణీత కోర్సులతో డిగ్రీ పూర్తిచేసినవారికి అసోసియేట్ వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్, దానికి ఐదేళ్ల వృత్తి అనుభవం చేరితే సర్టిఫైడ్ వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్. ఆ కోర్సుల జాబితాను మీ అబ్బాయి ఇప్పుడే చూసుకుంటే, తగ్గినవి చదువు ముగిసేలోపే పూర్తిచేయవచ్చు. వేట నైపుణ్యమే వృత్తి అర్హతగా నడిచేది బ్రిటన్‌లోని డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ వంటివాటిలో. దాని రెండో స్థాయికి సాక్షి సమక్షంలో మూడు వేటలు నియమం ప్రకారం చేసి నిరూపించాలి. అక్కడ దుప్పుల సంఖ్యను అదుపులో ఉంచే పనికి దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఆశలు ఎక్కువైపోకుండా ఒక ఉదాహరణ చెబుతాను. 2021లో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు ఉత్తర అంచున బైసన్ అనే అడవిదున్నల సంఖ్య తగ్గించడానికి నేషనల్ పార్క్ సర్వీస్ నైపుణ్యం ఉన్న స్వచ్ఛంద సేవకులను పిలిస్తే 45 వేలమందికి పైగా దరఖాస్తు చేశారు. అవకాశం దక్కింది 12 మందికి. అది జీతం లేని పని, పైగా అమెరికా పౌరులకే. ఫెడరల్ వన్యప్రాణి ఉద్యోగాల్లోనూ సాధారణంగా పౌరసత్వం అడుగుతారు కనుక, మీ అబ్బాయి ఏ సర్టిఫికెట్ మీద డబ్బు పెట్టేముందైనా తన వీసాతో ఏ ఉద్యోగాలకు దరఖాస్తు చేయగలడో తెలుసుకోవాలి.

వీసా మాట వచ్చింది కనుక మరొకటి చెప్పకుండా ఉండలేను, ఇది ఉద్యోగం కంటే ముఖ్యం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం నేరం. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా అమెరికా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. స్నేహితుడి తుపాకీతో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లినా ఈ చట్టమే వర్తిస్తుంది. మార్కులు సరిగా లేక విశ్వవిద్యాలయం తొలగించడంతో వీసా హోదా కోల్పోయిన ఒక విద్యార్థి ఫ్లోరిడాలో అలా రేంజ్‌కు వెళ్లి శిక్షకు గురయ్యాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది; తన హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు అనుకూలంగా వచ్చినా, అంతకుముందు గడిచిన ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అందువల్ల క్రమం ఇలా ఉంటే మంచిది. ఈ సెమిస్టర్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పాఠాలు పూర్తిచేయనివ్వండి. తుపాకీ చేతపట్టాల్సిన భాగం ఉంటే దానికి ముందే, విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతోనూ వలస చట్టం తెలిసిన న్యాయవాదితోనూ అతను మాట్లాడాలి. రాష్ట్ర చట్టాల్లో విదేశీయులకు అదనపు షరతులు ఉండవచ్చు, చాలా విశ్వవిద్యాలయాలు వసతిగృహాల్లో తుపాకులను ఒప్పుకోవు. మాస్టర్ హంటర్ పరీక్షలకు వేట అనుభవం ఉంటే మేలు కనుక ఆ నిర్ణయం ఉద్యోగంలో కుదురుకున్నాక తీసుకోవచ్చు. ఈలోగా శాఖ నిర్వహించే దుప్పుల గణనకో, తనిఖీ కేంద్రాల్లో వేటగాళ్లు తెచ్చిన జంతువుల వయసు, బరువు నమోదు చేసే పనికో అతను స్వచ్ఛందంగా వెళ్లవచ్చు. వీటికి తుపాకీ అక్కర్లేదు. రేపు ఇంటర్వ్యూ చేసే అధికారులతో పరిచయమూ అక్కడే కలుగుతుంది.