మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రాల బొమ్మలు వేసిన ఆల్‌ఫ్రెడ్ మన్నింగ్స్ ప్రత్యేకత ఏమిటి?

మా తాతకు తెనాలిలో జట్కా ఉండేది. నేను పుట్టేసరికి బండీ లేదు, గుర్రమూ లేదు. కానీ ఇంట్లో వాటి కబుర్లు వింటూనే పెరిగాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటున్నాను. 2019 జనవరిలో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో మన్నింగ్స్ యుద్ధకాలపు చిత్రాలు పెట్టారంటే వెళ్లాను. అక్కడ చూసింది, ఆ తర్వాత చదివింది కలిపి చెబుతున్నాను.

మన్నింగ్స్ ఇంగ్లిష్ చిత్రకారుడు. 1878లో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, మెండమ్‌లో పుట్టారు. తండ్రిది పిండిమిల్లు. పద్నాలుగేళ్లకే నార్విచ్‌లో లిథో ప్రెస్సులో (రాతి అచ్చు ముద్రణశాల) పనికి చేరి, సాయంత్రాలు ఆర్ట్ స్కూలుకి వెళ్లేవారు. ఇరవయ్యో ఏట కుక్కపిల్లను కంచె దాటిస్తుంటే ముళ్లకంప కొట్టుకుని కుడి కన్ను పోయింది. బొమ్మలు వేసేవాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా కుంచె వదల్లేదు. మరుసటి ఏడాదే ఆయన చిత్రాలు లండన్‌లోని పేరున్న కళాసంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఎక్కాయి.

యుద్ధం వచ్చినప్పుడు ఆ కన్ను వల్లే సైన్యంలోకి తీసుకోలేదు. చివరికి 1917లో, తోటి చిత్రకారుడు సెసిల్ ఆల్డిన్ సాయంతో, రెడింగ్ శివార్లలోని కాల్కట్ పార్కులో సైన్యం గుర్రాల డిపోలో పని దొరికింది. వచ్చిన గుర్రాలకు గజ్జి ఉందేమో చూడటం, వాటి సేవ చేయడం, ఇదీ పని. కాల్కట్ మా ఇంటికి కారులో పది నిమిషాలు. ఇప్పుడక్కడ గోల్ఫ్ కోర్సు ఉంది. ఎన్నిసార్లు ఆ దారిన పోయానో లెక్కలేదు, ఈ సంగతి మాత్రం తెలియదు.

1918 మొదట్లో కెనడా వాళ్లు తమ అశ్వికదళాన్ని చిత్రించమని ఆయన్ని ఫ్రాన్స్ పంపారు. అక్కడ వేసినవాటిలో ఆ దళానికి అధిపతి జనరల్ జాక్ సీలీ తన గుర్రం వారియర్ మీద కూర్చున్న బొమ్మ ఉంది. జర్మన్ల లైన్లకు కొద్ది దూరంలోనే వేశారట. మ్యూజియంలో దాని ముందే చాలాసేపు నిలబడిపోయాను. గుర్రం పరుగెత్తడం లేదు, ముందు కాళ్లు ఎత్తడం లేదు. చలికాలపు ఆకాశం కింద ఊరికే నిలబడి ఉంది. నాన్నకు వాట్సాప్‌లో ఆ బొమ్మ పంపితే, జనరల్ ఎవరని అడగలేదు. "గుర్రానికి మేత బాగా పెట్టార్రా, ఒళ్లు చూడు" అన్నారు. ఆ వారియర్ యుద్ధం నుంచి బతికి ఇంటికి వచ్చింది, 1941 దాకా ఉంది.

ఎక్కువమందికి తెలిసిన చిత్రం మాత్రం 1918 మార్చి 30న ఫ్రాన్స్‌లోని మొరుయ్ అడవి దగ్గర, కెనడా అశ్వికదళంలో ఫ్లవర్‌డ్యూ అనే అధికారి నడిపిన స్క్వాడ్రన్ (గుర్రపు దండు) చేసిన దాడిది. కత్తులు దూసి దూకుతున్న గుర్రాలు. ఆ దాడిని మన్నింగ్స్ కళ్లారా చూడలేదు, తర్వాత ఊహించి వేశారు. గొప్పగానే ఉంది కానీ, ఆయన కళ్లారా చూసి వేసినవే నాకు దానికన్నా ఎక్కువ. కవాతు మధ్యలో వాగు పక్కన ఆగిన గుర్రాలు, కెనడా అటవీ దళంతో ఉన్నప్పుడు వేసిన దుంగలు లాగే బరువు గుర్రాలు, వీటిలో యుద్ధం అసలు ఎలా నడిచిందో కనిపిస్తుంది. నా దృష్టిలో ఆయన ప్రత్యేకత ఇదే: గుర్రాన్ని సైనికుడి కింద పీటలా వేయలేదు. దాని అలసట, దాని ఓపిక దానికే ఇచ్చారు. డిపోలో వాటిని చేత్తో తడిమి చూసిన మనిషి కాబట్టే అది సాధ్యమైందని నమ్ముతాను.

1919లో రాయల్ అకాడమీలో ఆ చిత్రాలు 45 దాకా పెట్టారు. అక్కడి నుంచి దశ తిరిగింది. అకాడమీ సభ్యత్వం, రేసుగుర్రాల బొమ్మలకు డబ్బున్నవాళ్ల ఆర్డర్లు, 1944లో అధ్యక్ష పదవి, సర్ బిరుదు. 1949లో అకాడమీ విందులో, రేడియోలో లైవ్ పోతుండగా, పికాసో, మతీస్ లాంటి ఆధునిక చిత్రకారుల మీద విరుచుకుపడ్డారు. ఆ మాటలు నాకు నచ్చవు. అయితే ఆ ఒక్క ప్రసంగం పట్టుకుని ఆయన బొమ్మల్ని పక్కన పెట్టేయడం ఇంకా పెద్ద అన్యాయం. 1959లో పోయారు.

యుద్ధ చిత్రాలు ఆటవాలోని కెనడియన్ వార్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఇంగ్లండ్ వస్తే డెడమ్‌లో ఆయన ఉన్న ఇల్లే ఇప్పుడు మ్యూజియం, చలికాలంలో మూసేస్తారు కాబట్టి తేదీలు చూసుకుని వెళ్లండి. నాన్న ఈసారి వచ్చినప్పుడు నేను తీసుకెళ్తున్నాను.