బుకింగ్ సొమ్ము సరే, పాత కారు ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: మాది గుంటూరు. కొత్త కారు కోసం రెండు కంపెనీల బండ్లను మూడు నెలల పాటు పోల్చి చూశాం. ఒకదానికి మైలేజీ ఎక్కువ. రెండోదానికి భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. మేము ఎంచుకున్న వేరియంట్‌కు ఆరు ఎయిర్‌బ్యాగులు ఉంటాయని షోరూం ఉద్యోగి చెప్పడంతో మొదటి కారు వైపే మొగ్గి రూ.50,000 కట్టి బుక్ చేశాం. పాత కారును కూడా ఎక్స్ఛేంజ్ కింద అదే రోజు ఇచ్చేశాం. తీరా చూస్తే ఆ వేరియంట్‌లో రెండే ఎయిర్‌బ్యాగులు. ఆ బండి వద్దు, రెండోది కొనుక్కుంటామంటే, రసీదు వెనుక షరతు ఉంది కాబట్టి బుకింగ్ సొమ్ము ఇవ్వబోమంటున్నారు. మాకు దారి ఉందా?

సమాధానం: ఉంది. కానీ మీరు అడిగిన యాభై వేల కంటే, అడగని పాత కారు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ముందు దాని సంగతి చూడాలి.

ఆర్‌సీ మీ పేరున ఉన్నంత వరకు మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఆ కారుకు యజమాని మీరే. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది చట్టం చూడదు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, యజమాని తన కారును 2007లోనే అమ్మేశాడు. తర్వాత అది మరికొన్ని చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. ఆర్‌సీలో పేరు మారలేదు కనుక పరిహారం బాధ్యత ఆ మొదటి యజమానిదేనని కోర్టు తేల్చింది. మీ పాత కారును ఈ రోజు షోరూం కుర్రాడు నడుపుతూ ఎవరినైనా గుద్దితే, నోటీసు మీ ఇంటికి వస్తుంది.

అందుకే ఈ వారంలోనే షోరూంకు వెళ్లండి. ఒప్పందం రద్దు చేసుకుంటున్నారు కాబట్టి కారును వెనక్కి అడగండి. ఇచ్చిన రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఇప్పుడు ఎంత ఉందో రాయించుకోండి. మీరు సంతకం చేసి ఇచ్చిన ఫారం 29, 30 (యాజమాన్య బదిలీ పత్రాలు) ఉంటే వాటినీ తిరిగి తీసుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అది చాలా ప్రమాదం. కారును వాళ్లకే వదిలేయదలిస్తే, ఆ షోరూంకు పాత వాహనాల డీలరుగా రవాణా శాఖ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఉంటే, కారును అప్పగించినట్లు ఫారం 29సీ ద్వారా ఆ శాఖకు తెలియజేయాలి. 2023 ఏప్రిల్ నుంచి ఈ ఏర్పాటు ఉంది.

ఇక బుకింగ్ సొమ్ము. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యత గురించి, మోడల్ గురించి తప్పుడు మాట చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ మాట కాగితం మీదే ఉండాలని లేదు, నోటితో చెప్పినా లెక్కలోకి వస్తుంది. కాకపోతే నోటిమాటను రుజువు చేయాల్సింది మీరే. మీ అదృష్టం, మీరు పంపిన ధరల కాగితం ఫొటోలో వేరియంట్ పేరు పక్కనే నీలం సిరాతో ‘6 ఎయిర్‌బ్యాగులు’ అని రాసి చుట్టూ గీత గీసి ఉంది. ఆ కాగితం అసలు ప్రతిని షోరూంలో ఎవరికీ ఇవ్వకండి. ఆ ఉద్యోగితో జరిపిన వాట్సాప్ సంభాషణను ఫోను నుంచి చెరిపేయకండి.

షోరూం వాదన ఎలా ఉంటుందో ముందే చెబుతాను. కొంచెం జాగ్రత్తపడితే నిజం తెలుసుకోగలిగిన మనిషి, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మినహాయింపు ఉంది. ‘కంపెనీ బ్రోచర్‌లో రెండే అని ఉంది కదా, చూసుకోవలసింది’ అంటారు. తమ ఉద్యోగి చేతిరాతను వాళ్లెలా కాదంటారన్నదే నా జవాబు. ఎయిర్‌బ్యాగుల సంఖ్య చిన్న విషయం కాదని వినియోగదారుల కమిషన్‌కు చెప్పడానికి ఒక తీర్పు కూడా ఉంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక క్రెటా కారు కేసులో, కొత్త కారు ఇవ్వాలన్న ఆదేశాన్ని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఒకవేళ ఎవరూ తప్పు చెప్పకుండా, కేవలం మీ మనసు మారి ఉంటే నా సలహా ఇంత గట్టిగా ఉండేది కాదు. అప్పుడు షోరూం తనకు కలిగిన నష్టం మేరకు కొంత మినహాయించుకోవచ్చు.

మొత్తం సొమ్ము, కారు తిరిగి ఇవ్వాలని 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడా తెగకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

రెండో కంపెనీ కారు బుక్ చేసేటప్పుడు వేరియంట్ పూర్తి పేరు, ఎయిర్‌బ్యాగుల సంఖ్య, తయారైన నెల, సంవత్సరం రసీదు మీదే రాయించుకోండి. డెలివరీ రోజు ఇచ్చే ఫారం 21 (అమ్మకపు ధ్రువపత్రం)లోనూ తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. రెండూ సరిపోతేనే మిగతా డబ్బు కట్టండి.