నెట్ తీసేశాకే ఆ కంప్యూటర్ ఆన్ చేయండి

ప్రశ్న: మాది బరంపురం. నాన్నగారి కాలం నుంచీ పట్టుచీరల వ్యాపారం. షాపు పేరుతో వెబ్‌సైట్ తీసుకున్నప్పుడు మెయిల్ కూడా దాంతోపాటే ఇచ్చారు. ఎనిమిదేళ్ల ఆర్డర్లు, బిల్లులు అందులోనే ఉన్నాయి. పోయిన వారం సర్వర్‌లో డిస్క్ పాడైందట, ఇప్పుడు ఇన్‌బాక్స్ ఖాళీ. బ్యాకప్ లేదని చేతులెత్తేశారు. ఫోన్‌లోనూ ఏమీ కనిపించడం లేదు. ఇంట్లో పాత కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఉంది గానీ తెరిచి రెండు నెలలైంది. ఏమైనా దొరుకుతాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండు నెలలుగా దాన్ని తెరవకపోవడమే మీ అదృష్టం. ఫోన్‌లోనూ, థండర్‌బర్డ్‌లోనూ మెయిల్ సాధారణంగా ఐమ్యాప్ అనే పద్ధతిలో నడుస్తుంది. సర్వర్‌లో ఏది ఉంటే అదే ఇక్కడా చూపిస్తుంది, అక్కడ పోయింది ఇక్కడా చెరిపేస్తుంది. సర్వర్ ఖాళీ అయిన సంగతి మీ పాత కంప్యూటర్‌కు ఇంకా తెలియదు. నెట్ తగిలిందంటే తెలిసిపోతుంది!

కాబట్టి ముందు ఇంట్లో వైఫై రౌటర్ ఆపేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేసి థండర్‌బర్డ్ తెరవండి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగా ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటుంది. అది నొక్కి, థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇక ఏం జరిగినా ఆ కాపీ మీ చేతిలో ఉంటుంది. మళ్లీ తెరిచి, మెయిల్స్ అన్నీ సెలెక్ట్ చేసి ‘లోకల్ ఫోల్డర్స్’లోకి కాపీ చేయండి. మూవ్ కాదు, కాపీ. మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే ఆఫ్‌లైన్ సెట్టింగ్ ఎవరైనా మార్చి ఉంటే మాత్రం సబ్జెక్టులే కనిపిస్తాయి, లోపలి ఉత్తరం ఉండదు. మామూలుగా అయితే పూర్తి మెయిలే దిగి ఉంటుంది.

చిన్న కంపెనీని నమ్మి మోసపోయానని బాధపడకండి. 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్‌లోనూ కొందరి ఇన్‌బాక్స్‌లు ఇలాగే ఖాళీ అయ్యాయి. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో బగ్. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా లాభం లేకపోయింది. చివరికి నెట్‌తో సంబంధం లేని బ్యాకప్ టేపుల నుంచి వెనక్కి తెచ్చారు. తేడా అల్లా, వాళ్ల దగ్గర టేపులున్నాయి. మీవాళ్ల దగ్గర లేవు. ఎనిమిదేళ్లు డబ్బు తీసుకుని బ్యాకప్ లేదనడం నా దృష్టిలో క్షమించరానిదే, కానీ ఇప్పుడు పోట్లాటకంటే ఆ డిస్క్ ముఖ్యం. దాన్ని పారేయొద్దని, ఫార్మాట్ చేయొద్దని, డేటా రికవరీకి ఇవ్వమని ఇవాళే రాతపూర్వకంగా అడగండి.

ఇంకా దొరకనివి ఉంటే, మీరు పంపిన మెయిల్ అవతలి పార్టీ ఇన్‌బాక్స్‌లో ఉండే ఉంటుంది. ఇచ్ఛాపురం, విశాఖ షాపులవాళ్లకు ఒక ఫోన్ కొడితే ఫార్వర్డ్ చేస్తారు. జీఎస్టీ ఉన్న షాపులకు వేసిన బిల్లుల నంబర్లు, మొత్తాలు మీరు దాఖలు చేసిన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఉంటాయి. మీ ఆడిటర్‌ను అడగండి, ఆయన దగ్గర పీడీఎఫ్‌లు కూడా ఉండొచ్చు.