వంతులు అమ్మకు వద్దు

ప్రశ్న: అమ్మానాన్నలు తెనాలిలో సొంతింట్లో ఉంటారు. అమ్మకు 71 ఏళ్లు, టీచరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్లుగా మతిమరుపు ఉంటే వయసు ప్రభావం అనుకున్నాం. మూడు నెలల క్రితం న్యూరాలజిస్టు అల్జీమర్స్ తొలిదశ అని తేల్చారు. నాన్నగారికి 76. పెద్దన్నయ్య హైదరాబాదులో, చిన్నన్నయ్య డాలస్‌లో, నేను విజయవాడలో ఉంటాం. తలా నాలుగు నెలలు అమ్మను చూసుకుందామని, తెనాలి ఇల్లు అద్దెకిద్దామని అన్నయ్యలు వంతులు వేశారు. సంక్రాంతికి అందరం కలిస్తే, తన గాజులు పెద్దవదిన తీసిందని అమ్మ అందరిముందూ అంది. అప్పటినుంచి వదిన మాట్లాడడం లేదు. అమ్మకు జబ్బు సంగతి చెప్పలేదు. చెప్పాలా? ఇది నాకూ వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, నాన్నగారి మాట తప్ప. అమ్మను ఎక్కడ ఉంచాలో ముగ్గురు పిల్లలూ ఫోన్లలో తేల్చేశారు గానీ, యాభై ఏళ్లుగా ఆమెతో కాపురం చేస్తున్న మనిషిని ఎవరైనా అడిగారా? ముందు ఆయనను అడగండి. అదీ మీరు ఒక్కరే వెళ్లి, అమ్మ నిద్రపోతున్నప్పుడు. రెండేళ్లుగా ఆయన ఏమేం కప్పిపుచ్చుతూ వస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. ఫోనులో అమ్మ తడబడితే పక్కనుంచి అందించడం, పొయ్యి మీద మాడిన గిన్నెలు తోమి పెట్టేయడం, అడిగిందే అడుగుతుంటే పదోసారీ జవాబు చెప్పడం... చాలా ఇళ్లలో భర్తలు ఇదే చేస్తారు. అందుకే పిల్లలకు జబ్బు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక వంతుల సంగతి. అన్నయ్యలు న్యాయంగానే ఆలోచించారనుకుంటున్నారు, బరువు సమానంగా పడుతుంది కాబట్టి. కానీ ఈ జబ్బున్న మనిషికి ఇంతకంటే కష్టమైన ఏర్పాటు ఉండదు. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని. కొత్త సంగతులు గుర్తుండాలన్నా, కొత్త చోట దారి తెలియాలన్నా అదే కావాలి. తెనాలి ఇంట్లో అర్ధరాత్రి లేచినా అమ్మ బాత్రూముకు తడుముకోకుండా వెళ్లగలదు. ఆ దారి ఏళ్ల కిందటే మనసులో పడిపోయింది. హైదరాబాదు ఫ్లాటులో అదే తలుపు కనిపించక వంటగదిలోకి వెళుతుంది. అక్కడ ఎలాగో అలవాటు పడే వేళకు మళ్లీ పెట్టె సర్దుతారు. ‘మా దగ్గరికొచ్చాక బాగా ముదిరింది’ అని ప్రతి ఇంట్లోనూ అనుకుంటారు.

అమెరికా ప్రయాణం గురించి నా అభిప్రాయం ఇంకా గట్టిది: వద్దు. పగలూ రాత్రీ తారుమారయితే మనకే నాలుగు రోజులు మతి ఉండదు. పైగా సందర్శకుల బీమాలు ముందునుంచీ ఉన్న జబ్బులకు సాధారణంగా డబ్బు చెల్లించవు.

వంతులు వేసుకోవాల్సింది మీరు ముగ్గురూ. అమ్మ తెనాలిలోనే ఉంటుంది, మీరు వస్తూ పోతూ ఉంటారు. విజయవాడ నుంచి తెనాలికి రైలెక్కితే గంట కూడా పట్టదు కాబట్టి వారంలో ఒక పగలు మీది. హైదరాబాదు అన్నయ్య నెలకు రెండు వారాంతాలు రావచ్చు. డాలస్ అన్నయ్య డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా కొన్ని పనులు నెత్తిన వేసుకోవాలి: పగలు తోడుండే మనిషికి జీతం, మందులు తెప్పించడం, బిల్లులు, ఏటా అమ్మ పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ గుర్తుచేయడం. సెలవుపై వచ్చినప్పుడు ఆయన తెనాలిలో కూర్చుంటే నాన్నగారు ఏ చుట్టాలింటికో వెళ్లి పది రోజులు కంటినిండా నిద్రపోతారు. ఆ విశ్రాంతి నాన్నగారికి కావాలి. అడిగితే అక్కర్లేదనే అంటారు.

ఏదో ఒక రోజు తెనాలిలో ఇద్దరే ఉండడం సాధ్యం కాకపోవచ్చు. అమ్మ రాత్రుళ్లు గడియ తీసుకుని బయటికి వెళుతున్నా, నాన్నగారు పడి కాలు విరిగినా. అప్పుడు ఒకే ఇంటికి, ఇద్దరినీ కలిపి, ఇక మార్చేది లేదనుకుని తీసుకెళ్లండి. పగలు మనిషి ఉండే ఇల్లు ఏదో చూసుకోండి. అది మీ ఇల్లయితే, కూతురింట్లో ఎక్కువ రోజులుండకూడదనే మాట పట్టుకుని వెనకాడవద్దు.

గాజుల విషయానికి వద్దాం. ఇన్నాళ్లూ అత్తగారి మనసులో ఉన్నదే ఇప్పుడు బయటపడిందని మీ వదిన అనుకుంటూ ఉండాలి. అలా కాదు. అమ్మ గాజులు ఎక్కడో జాగ్రత్త పెట్టింది, పెట్టిన సంగతి మనసులో నిలవలేదు. తాను పెట్టానన్న గుర్తు లేనప్పుడు ఎవరో తీశారనే తోస్తుంది. నిందలు చాలాసార్లు దగ్గరున్నవాళ్ల మీదే పడతాయి; రేపు మీ మీద పడవచ్చు, పని మనిషి మీద పడవచ్చు. ఈ మాట అన్నయ్యే వదినతో చెప్పాలి, అదీ అందరి ఎదుట, ఎందుకంటే నింద పడింది అందరి ఎదుటే. అమ్మతో మాత్రం ‘నువ్వే ఎక్కడో పెట్టావు’ అని వాదించవద్దు. ‘అయ్యో, పద వెతుకుదాం’ అని వెంట వెళ్లండి. బియ్యం డబ్బా, కందిపప్పు డబ్బా, దిండు గలీబు, చీరల మడతలు ముందు చూడండి. దొరికాక బంగారం లాకరులో పెట్టి, చేతికి గిల్టు గాజులు వేయండి. చేతులు బోసిగా ఉంటే అమ్మకు తోచదు.

ఇంకొకటి చుట్టాలకు చెప్పి పంపండి. ఇంటికొచ్చిన ప్రతివారూ ఎదురుగా కూర్చుని ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అంటారు. ప్రేమతోనే అంటారు గానీ, అది ఆమెకు పరీక్ష. మనవడు కూడా వీడియో కాల్‌లో ముందు తన పేరు చెప్పి మాట్లాడాలి. సాయంత్రాలు అమ్మ ‘ఇంటికి పోదాం’ అనడం మొదలుపెట్టవచ్చు, సొంతింట్లో కూర్చునే. ఇదే ఇల్లని రుజువు చేయబోకుండా, ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవారో అడగండి. చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి. చేతులకు పని ఇవ్వండి: పూలు కట్టడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం లాంటివి. పొద్దున్న ఏం తిన్నదో చెప్పలేనివాళ్లు కూడా మాల చకచకా కట్టేస్తారు. చేతి అలవాట్లు అంత త్వరగా పోవు.

అమ్మకు చెప్పాలా అన్నారు. తనకేదో అవుతోందని ఆమెకు ఇప్పటికే తెలుసు. పాఠం చెప్పి బతికిన మనిషి మాట వెతుక్కోవాల్సి వస్తుంటే తెలియకుండా ఉంటుందా? తొలిదశే కాబట్టి, ఆమె అడిగితే డాక్టరు దగ్గర, నాన్నగారి సమక్షంలో చెప్పించండి. మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బని, మేమంతా ఉన్నామని. ఒకసారి చెబితే చాలు. రోజూ గుర్తుచేయకండి.

చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. ఆస్తి గురించి అమ్మ ఏమనుకుంటోందో ఇప్పుడే చెప్పగలదు. వీలునామా రాయాలంటే మతి స్థిమితం ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. పవర్ ఆఫ్ అటార్నీ తీసుకుంటే చాలని కొందరంటారు. ఇచ్చినవారి మతి స్థిమితం తప్పితే అది చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ఆ తర్వాత సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. లాయరు దగ్గరికి ముగ్గురూ కలిసి వెళ్లండి. ఒక్కరు వెళితే ‘అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు’ అనే మాట మిగులుతుంది.

మందుల గురించి కొద్దిగానే చెబుతాను. డోనెపెజిల్ వంటివి కొందరిలో కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచుతాయి, జబ్బును నయం చేయవు. బి12, థైరాయిడ్ పరీక్షలు జరిగాయో లేదో చూసుకోండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు సొంతంగా కొని ఇవ్వకండి. వాటిలో కొన్ని ఈ మతిని ఇంకా మసకబారుస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం హఠాత్తుగా పెరిగితే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలాగే ఉంటుంది, దానికి వైద్యం ఉంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వృద్ధుల సహాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఉంది, నాన్నగారి ఫోనులో వేసి పెట్టండి.

మీకూ వస్తుందా అన్న భయం సహజం. వంశపారంపర్యంగా తప్పకుండా వచ్చే రకం చాలా అరుదు, అదీ ఎక్కువగా అరవై దాటకముందే మొదలవుతుంది. అమ్మకు డెబ్భై దగ్గర మొదలైంది. మీకు అవకాశం మిగతావారికంటే కొంత ఎక్కువ, అంతే. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోండి, నడవండి, చెవి మందగిస్తే మిషను పెట్టించుకోవడానికి సిగ్గుపడకండి. ఈ దిగులుతో రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు 14416లో ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.