ట్రెయిల్ మీదికి రమ్మంటున్నారా? ముందు బ్రేకులు ఏ చేతికి ఉన్నాయో చూసుకోండి

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే సందేహాల్లో వీసా, అద్దె ఇల్లు, డ్రైవింగ్ లైసెన్సు అయిపోయాక, ఓ ఆరు నెలలకి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఆఫీసులో వాళ్లు శనివారం పొద్దున్నే సైకిళ్లేసుకుని కొండల్లోకి పోతున్నారండీ, నన్నూ రమ్మంటున్నారు, చిన్నప్పటి నుంచీ సైకిల్ తొక్కినవాణ్నే, వెళ్లనా?" వెళ్లండి. కొండల్లోని మట్టి దారుల్లో, అంటే ట్రెయిల్స్ మీద, ఇలా సైకిలు తొక్కడాన్నే మౌంటెన్ బైకింగ్ అంటారు, మంచి వ్యసనం. కాకపోతే ఆ "చిన్నప్పటి నుంచీ తొక్కాను" అన్న ధీమాని కాస్త ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. నేను వదలకుండా వెళ్లి బొక్కబోర్లా పడ్డాను.

అద్దె సైకిలు, పెద్ద వాలు కూడా కాదు. దారికి అడ్డంగా చెట్టు వేరు కనపడింది, కంగారులో ఎడమచేతి లీవరు గట్టిగా పట్టేశాను. ఏళ్ల తరబడి స్కూటర్ నడిపిన చెయ్యి కదా, ఎడమ అంటే వెనక బ్రేకు అని దానికి బాగా అలవాటు. అమెరికాలోనూ, యూరప్‌లో చాలా దేశాల్లోనూ సైకిలుకి ఎడమ లీవరు ముందు బ్రేకు! ముందు చక్రం ఠక్కున ఆగింది, నేను ఆగలేదు. అరచేతులు రెండూ చెక్కుకుపోయాయి, వారం రోజులు కీబోర్డు ముట్టుకుంటే మంట. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మామూలుగా కుడి లీవరే ముందు బ్రేకు, అక్కడున్నవాళ్లకి ఈ బాధ తక్కువ. ఎక్కడైనా సరే, ఎక్కే ముందు ఒక్కో లీవరు నొక్కి సైకిలుని ముందుకి తోసి చూడండి, ఏ చక్రం ఆగుతోందో తెలిసిపోతుంది. అటుదిటు మార్చమంటే షాపులో మార్చి ఇస్తారు కూడా.

అలాగని ముందు బ్రేకుని చూసి భయపడి వెనకదొక్కటే వాడేరు, అది ఇంకో పొరపాటు. వాలులో బండిని నిజంగా ఆపేది ముందుదే. వెనకది ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారుతూ దారిని గీక్కుంటూ పోతుంది, మీరూ ఆగరు, ట్రెయిలూ పాడవుతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకి ఒక్క వేలు చాలు, చూపుడు వేలితో మెల్లగా, రెండూ కలిపి. మోకాళ్లు, మోచేతులు వంచి, నడుము కాస్త వెనక్కి దించి పట్టండి.

ఇక ట్రెయిల్ ఎంచుకోవడం. ఏది ఎంత కష్టమో దాని గుర్తే చెబుతుంది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లుంటే మనది కాదు. బ్రిటన్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. అంటే అక్కడ నీలానికీ నలుపుకీ మధ్య ఇంకో మెట్టుంది, ఉత్తర అమెరికాలో లేదు, కాబట్టి ఒక దేశంలో నీలం తొక్కేశానని ఇంకో దేశంలో నీలం ఎక్కేస్తే ఇబ్బందే. జర్మనీ వైపు ఎస్0 నుంచి ఎస్5 దాకా వేరే కొలత. అసలు ఒకే ఊళ్లో రెండు నీలాలు కూడా ఒకలా ఉండవు. ట్రెయిల్‌ఫోర్క్స్ లాంటి యాప్‌లో ముందే చూసుకోండి, మ్యాపు ఫోన్లోకి దించుకోండి, కొండల్లో సిగ్నల్ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లోనో రూమ్మేట్‌కో చెప్పి వెళ్లండి. ఆరోగ్య బీమాలో ఆటల దెబ్బలకి మినహాయింపులేమైనా ఉన్నాయేమో కూడా ఒకసారి చదవండి, ఎముక విరిగాక చదివితే లాభం లేదు.

నా మటుకు నాకు ఈ సరదా అంతా ఒకే చిన్న ఆకుపచ్చ ట్రెయిల్‌ని పదిసార్లు తొక్కడంలో ఉంది. మొదటిసారి వెళ్తే రాళ్లు తప్ప ఏమీ కనపడవు, చూపంతా ముందు చక్రం మీదే ఉంటుంది. మూడోసారికి మలుపు ఎక్కడొస్తుందో తెలుస్తుంది, మలుపుకి ముందే బ్రేకు పట్టి, మలుపులో వదిలేస్తే బండి దానంతటదే తిరుగుతుందని అర్థమవుతుంది. ఆరోసారికో ఏడోసారికో, మొదట్లో దిగి నడిపించిన ఆ రాళ్లగుట్ట మీదుగా టకటకా దాటేసి, దాటాక గుర్తొస్తుంది, అరె, దిగలేదే అని. ఆ చిన్న సంతోషం కోసమే నేను ఇన్నేళ్లుగా పోతున్నాను. చూపు ఎటుంటే బండి అటే పోతుంది, ఇది మాత్రం నమ్మండి, చెట్టుని తప్పించాలని చెట్టునే చూస్తుంటే నేరుగా చెట్టుకే వెళ్తారు. వెళ్లాల్సిన ఖాళీని చూడండి.

మనవాళ్లకి ఇంకో జబ్బుంది, ప్రతిదాన్నీ ర్యాంకు చేసేస్తాం. స్ట్రావాలో (ఎవరు ఎంత టైములో తొక్కారో చూపించే యాప్) కొలీగ్ ఎంతలో దిగాడో చూసి, వచ్చే వారం అంతకన్నా ముందు దిగాలని టెన్షన్ పడేవాళ్లని చూశాను. దిగేటప్పుడు టైము చూడకండి. దిగి నడిపించడానికి సిగ్గూ పడకండి. "నేను కొత్త, ఆకుపచ్చ అయితే వస్తా, ముందు మీరు పోండి" అని తిన్నగా చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, చాలామంది పైన ఆగి ఎదురుచూస్తారు కూడా.

సైకిలు విషయానికొస్తే, ముందు ఒక్కవైపే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. రెండువైపులా ఉన్నది సుఖంగానే ఉంటుంది కానీ చాకిరీ ఎక్కువ. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో ఈ ఆట మొదలుపెట్టిన కుర్రాళ్లు పాత బరువు సైకిళ్ల మీద, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులతో కొండ దిగేవాళ్లు. కింద చేరేసరికి చక్రం మధ్యలోని హబ్‌లో గ్రీజు కాలి ఆవిరైపోయేది, ప్రతిసారీ మళ్లీ కూరాల్సి వచ్చేది, అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. 1976లో అక్కడే పందేలు మొదలయ్యాయి. వాళ్లకి ఆ సైకిళ్లు సరిపోయాయి, మనకి కార్బన్ ఫ్రేము దేనికి? హెల్మెట్, చేతి గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు మాత్రం మొదటి రోజే కొనండి. టైర్లలో గాలి రాయిలా కొట్టించకండి. మీ బరువు, టైరు వెడల్పు బట్టి 20 నుంచి 30 పీఎస్ఐ మధ్య ఎక్కడో కుదురుతుంది, టైరు నేలని పట్టుకోవాలి గానీ బంతిలా ఎగరకూడదు.

దారి మర్యాదలు తెలియకపోతే నలుగురిలో నవ్వులపాలవుతాం. మామూలు పద్ధతి ఏమిటంటే నడిచేవాళ్లకీ గుర్రాలకీ సైకిలు దారివ్వాలి, ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు ఆగాలి. గుర్రం ఎదురైతే ఆగి, దిగి, రౌతుతో నాలుగు మాటలు మాట్లాడండి. హెల్మెట్ పెట్టుకుని చక్రాల మీద వచ్చే ఆకారం మనిషేనని ఆ గొంతు వింటేనే దానికి తెలుస్తుంది. వాన పడి దారి మెత్తగా ఉంటే ఆ రోజు వెళ్లకండి, మీ చక్రం గాడి ఎండాక గట్టిపడి అలాగే ఉండిపోతుంది. బురదగుంట పక్కనుంచి పోతే దారి వెడల్పవుతుంది, కాబట్టి మధ్యలోంచే పోవాలి, లేదా వెనక్కి తిరగాలి. అమెరికాలో విల్డర్నెస్ అని బోర్డున్న చోట సైకిలుకి ప్రవేశమే లేదు. ఎలక్ట్రిక్ సైకిలు కొనే ఆలోచన ఉంటే మీ దగ్గరి ట్రెయిల్‌లో దాన్ని రానిస్తారో లేదో కనుక్కున్నాకే కొనండి.

ఇంటికొచ్చాక బురద కడగడానికి ప్రెషర్ పైపు బేరింగుల మీద కొట్టకండి. గొలుసు తుడిచి, చుక్కచుక్కగా నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి, పైనున్న జిడ్డు దుమ్ము పట్టడానికి తప్ప పనికిరాదు. ఆ గుడ్డ, ఆ చేతులు బ్రేకు డిస్కుకి మాత్రం తగలనీయకండి. ఒకసారి నూనె అంటిన ప్యాడ్లు కీచుమని అరుస్తాయి గానీ ఆపవు, మళ్లీ మొదటి రోజు నా కథే.