చిన్న గ్రంథాలయానికి వచ్చే ఏడాది ప్రణాళిక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గ్రంథాలయ వారోత్సవాలు ప్రతి ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరుగుతాయి. ఆ వారం గడిచాక ఊరి గ్రంథాలయాన్ని గురించి ఉత్తరాలు రావడం మామూలే. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం చిన్న గ్రంథాలయాలవి: ఒకే గది, కొన్ని బీరువాలు, ఒకరిద్దరు సిబ్బంది, వాటిని ప్రేమించే కొందరు మనుషులు. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా గ్రంథాలయాన్ని స్వాతంత్ర్యానికి ముందు ఊరి యువకులు స్థాపించారు. ఇప్పటికీ సంఘమే నడుపుతోంది. కారుతున్న పైకప్పును ఈ ఏడాది చందాలతో బాగు చేయించి, దసరా తరువాత మళ్లీ తెరిచాం. సుమారు నాలుగు వేల పుస్తకాలు మిగిలాయి. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో పై అంతస్తు వేయాలని కొందరు సభ్యులు, కంప్యూటర్లు కొనాలని మరికొందరు అంటున్నారు. మీరేమంటారు?
— ఒక గ్రంథాలయ సంఘ కార్యదర్శి, తెనాలి ప్రాంతం

సమాధానం: మూతపడిన తలుపు తెరుచుకోవడం పెద్ద వార్త. దానికి పాటుపడిన అందరికీ అభినందనలు. అయితే ఆ రెండు ప్రతిపాదనలనూ ఒక ఏడాది పక్కన పెట్టమని కోరుతున్నాను. ఇప్పుడు ఆ డబ్బు ఖర్చు పెట్టవలసింది గ్రంథాలయం తెరిచి ఉండే వేళల మీద. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు మాత్రమే తెరిచి ఉంచితే బడి పిల్లలు, పొలానికి వెళ్లేవారు, ఉద్యోగాలకు బస్సెక్కేవారు, వంటపనిలో ఉండే ఆడవాళ్లు ఎవరూ రాలేరు. పత్రికలు చదివే నలుగురు పెద్దలు మాత్రం వస్తారు. వారు రావడం మంచిదే, కానీ ఊరంటే వారొక్కరే కారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు, ఆదివారం ఉదయం పూటంతా తెరిచి ఉంచేందుకు ఒక సహాయకుడికి గానీ సహాయకురాలికి గానీ నెలనెలా గౌరవ వేతనం ఇవ్వగలిగితే, పై అంతస్తు లేకుండానే మీ గ్రంథాలయం రెట్టింపవుతుంది.

మన గ్రంథాలయోద్యమ చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘం పెట్టుకున్నప్పుడు, అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తల వెనుక సొంత భవనాలున్న గ్రంథాలయాలు ఎన్నో లేవు. ఒకరి వసారాలో, మరొకరి చావడిలో నడిచినవే చాలా ఉన్నాయి. మీ ప్రాంతానికే చెందిన ఉదాహరణ మరొకటి ఉంది. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కాలువ గట్టున ఉన్న పల్లెల వాళ్లు పడవ దగ్గరికి వచ్చి పుస్తకం తీసుకుని, తరువాతి రాకకు తిరిగి ఇచ్చేవారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్నది వారి పద్ధతి. మీరు పడవ కట్టనక్కరలేదు. వారానికి ఒక రోజు ఒక సంచి నిండా పుస్తకాలతో అంగన్‌వాడీకి, స్వయం సహాయక బృందాల సమావేశానికి వెళ్లే ఏర్పాటు చేస్తే చాలు. పుస్తకం ఇంటికి వెళ్లడమే గ్రంథాలయానికి ప్రాణమని నా నమ్మకం. పోతాయేమోనన్న భయంతో పుస్తకాలు ఇంటికి ఇవ్వని గ్రంథాలయాలు చివరికి ఆ పుస్తకాలను చెదలకు అప్పగించాయి.

రెండవ పని జాబితా. నాలుగు వేల పుస్తకాలకు పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఒక్క పాత కంప్యూటరు మీద, యూనికోడ్ తెలుగులో, మామూలు పట్టిక తయారు చేసుకుంటే తరువాత దాన్ని కోహా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి గానీ, జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం రూపొందించిన ఈ-గ్రంథాలయలోకి గానీ ఎక్కించుకోవచ్చు. అయితే తెలుగు పేర్ల విషయంలో మొదటి రోజే ఒక నియమం పెట్టుకోండి. మన రచయితను ఒకరు ఇంటిపేరుతో వెతుకుతారు, ఒకరు అసలు పేరుతో, ఇంకొకరు కలం పేరుతో వెతుకుతారు. శ్రీశ్రీ అని అడిగిన పాఠకుడికీ, శ్రీరంగం శ్రీనివాసరావు అని అడిగిన విద్యార్థికీ ఒకే బీరువా చూపించాలంటే, ఇంటిపేరు, పేరు, కలం పేరు మూడూ వేరు వేరు గడులలో ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోని జాబితాలను మళ్లీ మొదటి నుంచి రాయవలసి వస్తుంది.

మూడవది, మీ ఊరికి మాత్రమే చెందిన సామగ్రి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనానికి దేశమంతటా పేరు రావడానికి 1929లో గాంధీజీ అక్కడ భవనానికి శంకుస్థాపన చేయడం ఒక కారణమైతే, పాత తెలుగు పత్రికల సంపుటాలను తరతరాలుగా కాపాడుకోవడం అంతకన్నా పెద్ద కారణమని నేను అనుకుంటాను. మరెక్కడా దొరకని సంచిక కోసమే పరిశోధకులు ఆ చిన్న ఊరిని వెతుక్కుంటూ వెళ్లారు. మీ దగ్గర కూడా పాత సంఘ సమావేశాల మినిట్సు పుస్తకాలు, చందాదారుల చిట్టాలు, నాటక ప్రదర్శనల కరపత్రాలు, బడి వార్షిక సంచికలు ఉండి ఉంటాయి. మరమ్మతు వేళ బయటపడిన కాగితాల మూటలను చిత్తు కింద అమ్మవద్దు. వాటిని ఒక బీరువాలో విడిగా పెట్టి, గోడకు జానెడు దూరంలో బీరువాను నిలిపి, గాలి ఆడేటట్లు చూడండి. చిరిగిన పుటలకు సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి, అక్షరాన్ని కూడా తినేస్తుంది.

ఇవి గాడిలో పడ్డాక పై అంతస్తు గురించి ఆలోచించండి. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం స్వచ్ఛంద సంస్థలు నడిపే గ్రంథాలయాలకు, పిల్లల విభాగాలకు, వజ్రోత్సవం, శతజయంతి వంటి సందర్భాలకు కూడా సహాయం చేస్తుంది. అడగడానికి వెళ్లేటప్పుడు ఏడాదిలో ఎంతమంది సభ్యులు చేరారో, ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లి వచ్చాయో చూపించే రిజిస్టరు చేతిలో ఉంటే మీ దరఖాస్తుకు బలం వస్తుంది.

ప్రశ్న: ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ప్రతి ఏటా కడుతున్నాను. మా శాఖా గ్రంథాలయంలో మాత్రం కొత్త పుస్తకాలు కనబడవు. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?
— ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీరు 2,000 రూపాయల ఇంటి పన్ను కడితే 160 రూపాయలు గ్రంథాలయానికి చెందుతాయి. ఈ సెస్సును పంచాయతీ లేదా పురపాలక సంఘం వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది పాఠకుల కోసం వసూలైన సొమ్ము కాబట్టి స్థానిక సంస్థ దాన్ని మరో ఖర్చుకు వాడుకోవడం సరికాదు. కానీ వసూలైన డబ్బు అక్కడే నిలిచిపోవడం, బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం రెండు రాష్ట్రాలలోనూ తరచుగా వినే సంగతే.

మీరు చేయగలిగింది ఉంది. సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి. గత ఐదేళ్లలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలు చేసి, ఎంత జమ చేశారని స్థానిక సంస్థను అడగండి. ఎంత అందింది, మీ శాఖకు ఎన్ని పుస్తకాలు కొన్నారని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగండి. రెండు జవాబులనూ పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ కాగితాలతో గ్రామ సభలోనో, వార్డు సమావేశంలోనో ప్రశ్నించండి. శాఖా గ్రంథాలయాధికారి మీద కోపగించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ లోటుతో రోజూ బాధపడేది కూడా ఆయనే.

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పాత పుస్తకాలను ఫోనుతో స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలని కళాశాల విద్యార్థులం అనుకుంటున్నాం. చట్టం ఒప్పుకుంటుందా?
— ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

సమాధానం: కొంత మేరకు ఒప్పుకుంటుంది. ఎంతవరకన్నది ముందే తెలుసుకుని దిగడం మంచిది. మన దేశంలో రచయిత జీవించి ఉన్నప్పుడు ప్రచురితమైన రచన మీద, ఆ రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల పాటు హక్కులుంటాయి. 1915లో మరణించిన గురజాడ అప్పారావు, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం రచనలు ఇప్పుడు అందరివీ. 1976లో కన్నుమూసిన విశ్వనాథ సత్యనారాయణ రచనల మీద 2036 చివరి వరకు, 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ రచనల మీద 2043 చివరి వరకు హక్కులుంటాయి. పుస్తకం ఎంత పాతదైనా చూడవలసింది అచ్చయిన ఏడాదిని కాదు, రచయిత మరణించిన ఏడాదిని. పాత పుస్తకానికి కొత్తగా ఎవరైనా పీఠికో వ్యాఖ్యానమో రాస్తే ఆ భాగానికి హక్కులు వేరుగా ఉంటాయి.

హక్కులున్న పుస్తకం విషయంలో కూడా గ్రంథాలయానికి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన దగ్గర అచ్చుప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని కాపీరైట్ హక్కుల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఈ సదుపాయం 2012 సవరణతో వచ్చింది. దాచుకోవడానికి ఉన్న ఈ అనుమతితో పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ పంచకూడదు. చూపులేని పాఠకుల కోసం వారు చదవగలిగే రూపంలోకి మార్చడానికీ చట్టంలో ప్రత్యేక అనుమతి ఉంది. ఈ పనిని మీ విద్యార్థి బృందం తప్పక తలపెట్టాలని కోరుకుంటున్నాను. అచ్చు పుస్తకాలు ఇంత ఉండి కూడా చూపులేని పాఠకుడికి వినడానికి అనువైన తెలుగు పుస్తకం దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

పని మొదలు పెట్టే ముందు ఆ పుస్తకం ఇదివరకే ఎవరైనా స్కాన్ చేశారేమో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, తెలుగు వికీసోర్స్‌లోనూ వెతకండి. ఉన్నదాన్ని మళ్లీ స్కాన్ చేయడం కన్నా మీ ఊరి దగ్గర మాత్రమే ఉన్న కరపత్రాన్ని, స్థానిక పత్రికను స్కాన్ చేయడం మేలు. పెళుసుబారిన పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా విప్పి అదమవద్దు. వాలుగా ఆనించి, ఒక్కొక్క పుటగా పైనుంచి ఫొటో తీయండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. మా ఊరి గ్రంథాలయానికి ఏటా కొంత డబ్బు పంపాలనుకుంటున్నాను. దేని కోసం ఇస్తే మంచిది? పంపడానికి నిబంధనలేమైనా ఉన్నాయా?
— ఒక పాఠకుడు, అమెరికా

సమాధానం: ముందు నిబంధన చెబుతాను. మీరింకా భారత పౌరులే అయితే మీ సొంత సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదు. బ్యాంకు ద్వారా, మీ పాస్‌పోర్టు వివరాలతో పంపితే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ విరాళం విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఆ గ్రంథాలయ సంఘానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. చిన్న సంఘాలకు ఇది తెలియక చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది కాబట్టి, మీరే ముందుగా అడిగి తెలుసుకోవడం వారికి మేలు చేసినట్టవుతుంది.

ఇక దేని కోసమన్న ప్రశ్న. తండ్రిగారి పేరుతో ఒక గది కట్టించాలని చాలామంది దాతలు కోరుకుంటారు. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. కానీ పైన కార్యదర్శి గారికి చెప్పినట్టు, ఒక మనిషి జీతం, పత్రికల చందా, కరెంటు బిల్లు అనే మూడు ఖర్చులకు ఇచ్చేవారు అరుదు. మీరు అయిదేళ్లపాటు ఈ మూడింటికీ మాట ఇస్తే ఆ గ్రంథాలయం అయిదేళ్లు నిశ్చింతగా ఉంటుంది. అమెరికా నుంచి ఆంగ్ల పుస్తకాల పెట్టెలు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ రవాణా ఖర్చుతో ఇక్కడ పిల్లలు చదివే తెలుగు పుస్తకాలు చాలా ఎక్కువ వస్తాయి.

ప్రశ్న: మా గ్రంథాలయమంతా పోటీ పరీక్షలకు చదివే యువకులతో నిండిపోతోంది. పిల్లలకు, ఆడవాళ్లకు చోటు లేదు. వారిని పంపించలేం, అలాగని వదిలేయలేం. ఏం చేయాలి?
— ఒక గ్రంథాలయాధికారిణి, కరీంనగర్ జిల్లా

సమాధానం: హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయంలో ఏళ్లుగా కనిపించే పరిస్థితి ఇప్పుడు చిన్న ఊళ్లకూ వచ్చింది. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని యువతీ యువకులకు గ్రంథాలయమే ఆసరా, వారిని భారంగా చూడడం అన్యాయం. అయితే వారిలో చాలామందికి కావలసినవి బల్ల, కుర్చీ, నిశ్శబ్దం, మంచినీళ్లు, మరుగుదొడ్డి మాత్రమే. పుస్తకాలు వారే తెచ్చుకుంటారు. కాబట్టి దగ్గరలోని పాఠశాల తరగతి గదినో, సాయంత్రాలు ఖాళీగా ఉండే పంచాయతీ భవనాన్నో చదువుకునే గదిగా అడిగి తీసుకోండి. తాళం బాధ్యతను ఆ యువకులలోనే ఇద్దరికి అప్పగిస్తే చక్కగా చూసుకుంటారు.

అది కుదిరే వరకు గ్రంథాలయంలో సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు ఒక మూలను పిల్లల కోసమే ఉంచండి. ఆ వేళ అక్కడ మాట్లాడుకోవచ్చు, పైకి చదవవచ్చు, కథ చెప్పవచ్చు అని బోర్డు మీద రాయండి. పరీక్షలకు చదివేవారిని వంతులవారీగా వారానికి ఒక రోజు పిల్లలకు లెక్కలో, కథో చెప్పమని అడగండి. మీరు అడిగితే కాదనేవారు తక్కువ. ఆడపిల్లలు రావాలంటే మాత్రం శుభ్రమైన మరుగుదొడ్డి, గుమ్మం బయట వెలిగే దీపం తప్పనిసరి. వచ్చే ఏడాది మీ ప్రతిపాదనల్లో కుర్చీల కన్నా ముందు ఆ రెండింటినీ రాసి పంపండి.