సంతకం దగ్గర ఆపకు

బుజ్జీ,

పెద్దవాళ్ళకి చదువు నేర్పే ఉల్లాస్ కార్యక్రమంలో వాలంటీర్‌గా పేరిచ్చావని, మీ వీధి ఆడవాళ్ళకి రాత్రిపూట చదువు చెప్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా కడుపు నిండిపోయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పలకలు, మంచి లైటు చూసుకో. వంటలయ్యాకే పిలువు. నలభై దాటినవాళ్ళకి ముందు కళ్ళు చూపించు. అక్షరం కనపడక, తమకు చదువు రాదనుకుని మానేస్తారు.

1991లో నేను నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమంలో చదువు చెప్పాను. ఆ ఏటి జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో నూటికి 33 మందికే చదువొచ్చు. మా కేంద్రానికి ఒక వదిన వచ్చేది. నాట్లేసొచ్చి, గోళ్ళలో బురదతోనే బలపం పట్టేది. అది విరిగేంత గట్టిగా నొక్కేది. నెలన్నరకి తన పేరు రాసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంక ఆమెకి వచ్చేసిందని రిజిస్టర్లో టిక్కు పెట్టి, వెనకబడినవాళ్ళ దగ్గర కూర్చున్నా.

మరుసటేడు ఎవరో అప్పు కాయితమని తెస్తే వదిన సంతకం చేసింది. అది అరెకరం అమ్మేసినట్టు రాసిన కాయితం. వేలిముద్ర రోజుల్లో ఇద్దరు ముగ్గురి చేత చదివించుకుంటే గానీ వేలు పెట్టేది కాదు. సంతకం వచ్చాక అడగడానికి సిగ్గేసిందంట. "నువ్వు నేర్పావు గదా, రాదని ఎట్టా చెప్పేదమ్మా?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మేం కేంద్రంలో చెప్పే వాచకంలోనే సారా దుకాణం మూయించిన సీతమ్మ పాఠం ఉంది. మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, కూర్చుని మాట్లాడుకుని, 1992లో సారాకి అడ్డం తిరిగారు. మరుసటేడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. మా వదినని నేను ఆ పాఠం దాకా తీసుకెళ్ళనే లేదు.

చివర పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయని తొందరపడతావేమో, నీ సంగతి నాకు తెలుసు. వద్దు తల్లీ. పాస్‌బుక్కు, మందుచీటీ, కరెంటు బిల్లు వాళ్ళ చేత చదివించు. అర్థం కాకపోతే "ఇదేంది?" అని గట్టిగా అడిగించు, రోజూ. రాత్రి ఒక్కదానివే నడిచి రాకు, తమ్ముడిని పిలుచుకో.

ఆదివారం వస్తున్నా. తాతయ్య పొలం కాయితాలు పది కాపీలు జిరాక్స్ తీయించి పెట్టు. మొదటి పాఠం వాటితోనే చెబుదాం.

మీ పెద్దమ్మ